కంచుబాబాయ్ నేర్పిన మాటలు

మా కోర్టులో కంచుబాబాయ్‌ని ఎరగనివాళ్ళు లేరు. ఉద్యోగం బంట్రోతు. పొద్దున్నే హాలు తలుపులు తీసి, జడ్జిగారి బల్ల తుడిచి, ఆ తర్వాత సాయంత్రం దాకా గుమ్మంలో నిలబడి పేర్లు పిలవడం ఆయన పని. ఒక్కో పేరు మూడుసార్లు పిలవాలి. మనిషిని చూస్తే గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటాడు. గొంతు విప్పాడంటే మాత్రం మెట్ల కింద టీ తాగుతున్న సాక్షి గ్లాసు వదిలేసి పరిగెత్తుకు రావలసిందే. "ఈ గొంతు నీది కాదు బాబాయ్, ఎక్కడో అద్దెకు తెచ్చావు" అని ప్లీడర్లు ఆటపట్టించేవారు. "మీ గొంతులేనయ్యా. లోపల మీరెవరూ వాడట్లేదుగా, ఊరికే పోతాయని నేను తెచ్చుకున్నా" అనేవాడు.

నేను అదే హాల్లో స్టెనోని. ఎత్తుగా ఉండే జడ్జిగారి బల్లకి కింద నా చిన్న బల్ల. నాకు ఎదురుగా బోను. కాబట్టి బోనులో నిలబడ్డ మనిషి మొహం జడ్జిగారి కంటే నాకే దగ్గరగా కనపడుతుంది. ఈ ఉద్యోగంలో నాకు దక్కిన భాగ్యం అదే. వద్దనుకున్నా చూడక తప్పదు.

సినిమాల్లో చూపించేది నమ్మకండి. జడ్జి సుత్తి కొట్టగానే మనిషిని లాక్కుపోవడం ఉండదు. నేరం రుజువైందని చెప్పడం ఒక ఘట్టం, ఎంత శిక్ష వెయ్యాలన్నది ఇంకో ఘట్టం. రెండింటి మధ్యా కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో జడ్జిగారు కళ్ళద్దాలు తీసి, బోనులోని మనిషినే చూస్తూ, "శిక్ష విషయంలో నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని అడుగుతారు. అడిగి తీరాలి. చాలా నేరాలకు చట్టం ఇంతకు మించకూడదని మాత్రమే చెబుతుంది. ఆ గీత లోపల ఎంతన్నది జడ్జిగారి చేతిలో ఉంటుంది. మనిషి వయసెంత, ఇదివరకు ఏమైనా చేశాడా, ఇంట్లో ఎవరున్నారు, చేసినదానికి కుమిలిపోతున్నాడా లేక నిమ్మకు నీరెత్తినట్టున్నాడా అని చూసి తూకం వెయ్యాలి. నెలల తరబడి ప్లీడర్లు నోళ్ళు నొప్పెట్టేలా వాదించుకున్న కేసులో, ఆ మనిషి మనసు విప్పి మాట్లాడుకోవడానికి దొరికే చోటు అదే.

సరిగ్గా అప్పుడే నోరు పెగలదు. నేరం రుజువైందన్న మాట చెవిన పడ్డాక మనిషికి ఇంకేమీ వినపడదని నా నమ్మకం. కళ్ళు తెరిచే ఉంటాయి గానీ మనిషి అక్కడ ఉండడు.

కంచుబాబాయ్ కొత్తగా ఉద్యోగంలో చేరినప్పటి సంగతి ఒకటి నాకు చెప్పాడు. ఒక రాళ్ళు కొట్టుకునే మనిషి బోనులో ఉన్నాడట. జడ్జిగారు అడగవలసిన మాట అడిగారు. ఆ మనిషి గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ అడిగారు. పలుకూ లేదు, ఉలుకూ లేదు. "చెప్పుకునేదేమీ లేదు" అని రాయించేసి, వెయ్యగలిగినంత శిక్షా వేసేశారు. బయటికి నడిపించుకుపోతున్నప్పుడు ఆ మనిషి గుమ్మంలో ఆగి బాబాయ్‌ని అడిగాడట, "అయ్యా, ఇందాక పెద్దాయన నన్నేం అడిగాడు?" అని. ఆ పూట తనకు ముద్ద దిగలేదని చెప్పాడు.

అప్పటి నుంచి మొదలైంది ఆయన అలవాటు. నేరం రుజువైందన్న మాట రాగానే బాబాయ్ గ్లాసుతో మంచినీళ్ళు తీసుకుని బోను దగ్గరికి వెళ్ళేవాడు. ఆ మనిషి గడగడా తాగుతుంటే చెవిలో నెమ్మదిగా చెప్పేవాడు. "ఇప్పుడు నిన్ను అడుగుతారు. మొదటి తప్పు అను. మంచాన పడ్డ తల్లి ఉందను. ఇంట్లో సంపాదించేవాణ్ణి నేనొక్కణ్ణే అను. దయ చూడండి అని దణ్ణం పెట్టు. అంతే. ఇంకో ముక్క మాట్లాడకు." కంచులాంటి గొంతు గల మనిషి అంత మెల్లగా కూడా మాట్లాడగలడని దగ్గరున్న నాకే తెలుసు. ఒక్కరి దగ్గరా టీ కూడా తాగలేదు. పైగా ఎవరైనా దణ్ణం పెట్టబోతే విసుక్కునేవాడు.

ఇంకో ముక్క మాట్లాడకు అనడానికీ కారణం ఉంది. ఒకడెవడో ఆయన చెప్పిన నాలుగు మాటలూ చెప్పి, ఊరుకోలేక, "అయినా వాడు నన్ను అంత మాటన్నాడు కాబట్టే కొట్టానండీ, మళ్ళీ అన్నా కొడతా" అన్నాడు. ప్రభుత్వ ప్లీడరు గభాల్న లేచి, "చూశారా!" అన్నాడు. ఇంకేముంది, కొంప మునిగింది. అప్పటి నుంచి మాట పెంచకపోవడం బాబాయ్‌కి ఒక వ్రతమైపోయింది.

మొదట్లో ఆ మాటలు బాగానే పనిచేశాయి. జడ్జిగారి కలం ఒక్క క్షణం ఆగడం నేను కళ్ళారా చూశాను. కానీ జడ్జీలు మారుతూ వచ్చారు, మాటలు మాత్రం మారలేదు. కోడిని దొంగిలించినవాడిదీ, ఇల్లు తగలబెట్టినవాడిదీ అదే తల్లి, అదే మంచం. తల్లి ఎప్పుడో పోయినవాడు కూడా తల్లి మంచాన పడిందనే అన్నాడు. నా వేళ్ళకు ఆ వాక్యం ఎంత అలవాటైందంటే, బోనులోని మనిషి నోరు తెరిచేలోపే అది కాగితం మీద ఉండేది. జడ్జిగారు వింటూనే తర్వాతి కేసు కట్ట విప్పుకునేవారు. ఇది నేను బాబాయ్‌తో అన్నాను. "పనికొచ్చినా రాకపోయినా, నోరు లేనివాడిగా మిగిలిపోకూడదు కదమ్మా" అన్నాడు.

ఇంతలో ఆయన కొడుకే బోనెక్కాడు.

బాబాయ్‌కి ఒక్కడే కొడుకు. రోడ్డు పక్కన టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు పెట్టుకున్నాడు. మనిషి ఇంతెత్తు, మాట ఇంతే. అక్కా అని పిలవడానికి కూడా సిగ్గుపడేవాడు. బాబాయ్ భార్యకు ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆవిణ్ణి రోజూ పొద్దున్నే మంచం మీంచి లేవదీసి, ఒళ్ళు కడగడానికి తీసుకెళ్ళి, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టేది వాడే. బాబాయ్‌కి నడుము వంగదు. "వాడు ఎత్తుకుంటే నాకు బరువున్నట్టే తెలీదమ్మా" అని ఆవిడ ఒకసారి నాతో నవ్వుతూ చెప్పింది.

ఒక మధ్యాహ్నం మంచినీళ్ళ వ్యాను నడిపే డ్రైవరొకడు టైరు మార్పించుకోవడానికి వచ్చాడు. నా టైరు మార్చేసి పాతది బిగించావని గొడవ పెట్టుకున్నాడు. మాటా మాటా పెరిగింది. బాబాయ్ కొడుకు చేతిలో టైరు ఊడదీసే ఇనుప కడ్డీ ఉంది. తోసేద్దామని చెయ్యి విసిరితే కడ్డీ తలకు తగిలింది. డ్రైవరు కింద పడ్డాడు. వెంటనే వాడే ఆ మనిషిని ఎత్తి, అదే వ్యానులో పడుకోబెట్టుకుని, తనే నడుపుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డ్రైవరు రెండో రోజున పోయాడు. భార్య వచ్చేసరికి స్పృహ లేదు. బాబాయ్ కొడుకు ఆ ఆసుపత్రి వరండాలోనే రక్తం అంటిన చొక్కాతో కూర్చుని ఉంటే పోలీసులు వచ్చి తీసుకెళ్ళారు.

జామీను మీద బయటికొచ్చాడు గానీ కేసు మా హాలుకే వచ్చింది. తండ్రి పనిచేసే చోట కొడుకు కేసు నడుస్తుంటే బాగుండదని, వాడి వాయిదా ఉన్న రోజుల్లో బాబాయ్‌ని పక్క హాలుకు పంపించేవారు. చంపాలన్న ఉద్దేశం లేదని అందరికీ తెలుస్తూనే ఉంది. అయినా ఒక ప్రాణం పోయింది. అలాంటి నేరానికి పదేళ్ళ దాకా వెయ్యవచ్చు, రెండు మూడేళ్ళతో సరిపెట్టనూ వచ్చు. ముందు జైల్లో ఉన్న రోజులు ఎలాగూ తీసేస్తారు. "రెండేళ్ళయితే వాళ్ళమ్మ తట్టుకుంటుంది" అనేవాడు బాబాయ్. అంతకు మించిన అంకె ఆయన నోట రాలేదు.

తీర్పు రోజు పొద్దున్నే, ఇంకా ప్లీడర్లు రాకముందు, కొడుకును వెంటబెట్టుకుని నా టైపు గదికి వచ్చాడు.

"నువ్వు కూర్చుని విను తల్లీ. వీడు సరిగ్గా చెబుతున్నాడో లేదో చెప్పు" అన్నాడు.

వాడు గోడకు ఆనుకుని నిలబడి, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. మొదటి తప్పు. మంచాన పడ్డ తల్లి. సంపాదించేవాణ్ణి నేనొక్కణ్ణే. దయ చూడండి. బాబాయ్ జీతం సంగతి వదిలేస్తే అందులో అబద్ధం లేదు. ఆ తల్లీ, ఆ మంచం అక్షరాలా నిజమే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ నిజం వినడానికి ఇప్పుడు ఆ హాల్లో ఎవరి చెవులు మిగిలాయని!

వాడు ఆగి, నేల చూస్తూ అన్నాడు. "నాన్నా, వ్యానులో ఆయన దారంతా నాతో మాట్లాడాడు. ఆయన భార్య రోజూ కోర్టుకు వచ్చి కూర్చుంటోంది కదా. ఆవిడకి అది చెప్పాలి నేను. క్షమించమని కూడా అడగాలి."

"అదే వద్దు" అన్నాడు బాబాయ్. "నేనే కొట్టానని నీ నోటితో ఒప్పేసుకుంటావా? పై కోర్టుకు వెళ్ళేటప్పుడు అదే పట్టుకుంటారు. ప్లీడరుగారు కూడా అదే చెప్పారు కదరా."

"కొట్టింది నేనే కదా నాన్నా."

"నోర్ముయ్!" అన్నాడు. కొడుకును కసరడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

నేనే ఉండబట్టలేక, "బాబాయ్, వాణ్ణి చెప్పనివ్వు. నువ్వు నేర్పే మాటలు జడ్జిగారికి నాకంటే బాగా వచ్చు. ఇది వీడి సొంత మాట కదా" అన్నాను.

"నువ్వు టైపు కొట్టేదానివమ్మా, కాగితం చూస్తావు. నేను బోను పక్కన నిలబడ్డవాణ్ణి. ఒక్క మాట ఎక్కువైతే ఏమవుతుందో నాకు తెలుసు" అన్నాడు. తర్వాత కొడుకు చొక్కా కాలరు సరిచేస్తూ, "రెండోసారి అడిగినా అదే చెప్పు నాన్నా. మాట మార్చకు. అమ్మ మీద ఒట్టు" అన్నాడు. వాడు తలూపాడు. ఆ ఒట్టు ఎందుకు పెట్టించుకున్నావు బాబాయ్ అని నేను ఇప్పటికీ మనసులో గొడవ పడుతూనే ఉంటాను.

నేరం రుజువైందని చెప్పి జడ్జిగారు కళ్ళద్దాలు తీశారు. ఆ రోజు బోను దగ్గరికి మంచినీళ్ళు వెళ్ళలేదు. బాబాయ్ బదులు వచ్చిన బంట్రోతుకు ఆ అలవాటు లేదు. ముందు వరసలో డ్రైవరు భార్య కూర్చుని ఉంది, ఒళ్ళో సంచి పెట్టుకుని. ప్లీడరు లేచి, ఆసుపత్రికి తీసుకెళ్ళింది వీడేనని మళ్ళీ ఒకసారి చెప్పాడు. భయపడి తీసుకెళ్ళాడని ప్రభుత్వ ప్లీడరు కొట్టిపారేశాడు. జడ్జిగారు ఇద్దర్నీ కూర్చోమని, బోను వైపు తిరిగి అడగవలసింది అడిగారు.

వాడు చెప్పాడు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

జడ్జిగారు చెడ్డవారు కాదు. ఆ మాట చెప్పకపోతే నా కళ్ళు పోతాయి. ఆయన కేసు కట్ట పక్కకు నెట్టి, కొంచెం ముందుకు వంగి, "ఈ మాటలు నేను ఈ హాల్లో చాలామంది దగ్గర విన్నానయ్యా. నీ మాటేదైనా ఉంటే చెప్పు. నేను వింటాను" అన్నారు. నా వేళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో ఏ జడ్జిగారూ బోనులోని మనిషిని అలా అడగడం నేను చూడలేదు.

వాడు డ్రైవరు భార్య వైపు చూశాడు. పెదవులు కదిలాయి. అప్పుడే గోడ అవతల పక్క హాల్లోంచి కంచుబాబాయ్ గొంతు వినపడింది, ఎవరిదో పేరు మూడుసార్లు పిలుస్తూ. వాడు ఉలిక్కిపడ్డాడు. చేతులు జోడించి, "మొదటి తప్పండి. మంచాన పడ్డ తల్లి ఉందండి" అని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. చివరిదాకా చెప్పాడు. నాకు లేచి వాడి నోరు మూయాలనిపించింది. స్టెనోకు నోరుండదు కదా, అదే వాక్యం మళ్ళీ రాసుకున్నాను.

జడ్జిగారు కళ్ళద్దాలు పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. ముద్దాయికి పాత నేరాలు లేవన్నది గమనించాం. గాయపడ్డ మనిషిని ఆసుపత్రికి చేర్చాడన్నదీ గమనించాం. అయితే రెండుసార్లు అవకాశం ఇచ్చినా పోయిన మనిషి గురించి గానీ, ఆ కుటుంబం గురించి గానీ ఒక్క మాట అనలేదు. నేర్పిన మాటలే అప్పజెప్పాడు. చేసిన పనికి పశ్చాత్తాపం ఉన్నట్టు కోర్టుకు కనపడలేదు. ఎనిమిదేళ్ళు.

అదంతా నా చేత్తోనే రాశాను.

మధ్యాహ్నం విరామంలో బాబాయ్ వరండాలోకి వచ్చాడు. అప్పటికే కొడుకును వెనక గేటు నుంచి తీసుకుపోయారు. ఆయన నా మొహం చూడకుండా ముందు వేరే సంగతి అడిగాడు.

"చెప్పాడా?"

"చెప్పాడు బాబాయ్. నువ్వు నేర్పినట్టే."

"రెండోసారి అడిగితే?"

"అప్పుడూ అదే చెప్పాడు."

"మంచిపని చేశాడు" అన్నాడు. అప్పుడు అడిగాడు ఎంత అని. చెప్పాను. జడ్జిగారు ఏమన్నారో కూడా చెప్పాను. దాచి ఉంటే బాగుండేదేమో తెలియదు. ఎలాగూ తీర్పు చదివి వినిపించడానికి ప్లీడరు ఉన్నాడు, నా నోట వింటే నయమనుకున్నాను. ఆయన స్తంభం పట్టుకుని మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు. "పశ్చాత్తాపం లేదన్నారా? మావాడికా?" అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. "అన్నం తినేవాడు కాదమ్మా. నిద్రలో లేచి కూర్చునేవాడు. వాడికి లేదన్నారా?" తర్వాత భార్య గుర్తొచ్చింది. "దాన్ని రేపు కుర్చీలోకి ఎవరు ఎత్తుతారు?" అని నన్నే అడిగాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాపరికం ఎందుకు.

అంతలో డ్రైవరు భార్య సంచి పట్టుకుని మెట్ల వైపు వెళుతూ మమ్మల్ని చూసి ఆగింది. గొడవ పెట్టుకుంటుందేమోనని నేను లేచి నిలబడ్డాను. అలాంటిదేమీ చెయ్యలేదు. అలసిపోయిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది.

"మీరు ఆ అబ్బాయి తండ్రి కదండీ. ఎనిమిదేళ్ళు వేశారని నాకేం సంతోషం లేదు. మా ఆయన తిరిగి వస్తాడా ఏంటి? కానీ ఇన్నాళ్ళూ వచ్చి కూర్చున్నానండీ, ఒక్కసారైనా మా ఆయన గురించి ఏదైనా అంటాడేమోనని. కడదాకా పక్కనున్నది అతనే కదా. మీ అబ్బాయి ఒక్క మాటా అనలేదు."

బాబాయ్ కళ్ళు తుడుచుకోకుండానే లేచాడు. ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అంటానన్నాడమ్మా. నేనే వద్దన్నాను."

ఆవిడ అర్థం కానట్టు చూసింది.

"పట్టుకున్న రోజు స్టేషన్లో నన్ను చూడగానే మొదలుపెట్టాడు. వ్యాను వాడికి అలవాటు లేదట, గేరు పడక కుదుపులిస్తోందట. మీ ఆయన పడుకునే చెప్పాడట. 'కంగారు పడకు తమ్ముడూ, క్లచ్చి పూర్తిగా తొక్కు, అప్పుడు పడుతుంది' అని. తమ్ముడూ అన్నాడట, కొట్టినవాణ్ణి. అది చెబుతూ వాడు ఏడ్చాడమ్మా."

ఆవిడ సంచి కింద పెట్టేసింది. చేత్తో నోరు మూసుకుంది. "అవును, ఆయన అలాగే అంటాడు. నాకు బండి నేర్పేటప్పుడు కూడా అలాగే అన్నాడు" అంది. ఏడుస్తూనే మొహంలోకి ఏదో వెలుగు వచ్చింది. ఒక అడుగు దగ్గరికి వేసి, ఆత్రంగా అడిగింది.

"ఆ తర్వాత? ఆ తర్వాత ఏమన్నాడు? ఆసుపత్రి దాకా చాలా దూరం కదండీ. నన్ను గురించి ఏమైనా అన్నాడా?"

బాబాయ్ నా వైపు చూశాడు, నాకేమైనా తెలుసేమోనని. నాకేం తెలుసు!

"తెలీదమ్మా" అన్నాడు. "చుట్టూ పోలీసులున్నారని అక్కడితో వాణ్ణి నోరు మూసుకోమన్నాను. జామీను మీద ఇంటికొచ్చాక కూడా ఆ ఊసెత్తనివ్వలేదు. ఇవాళ పొద్దున మళ్ళీ చెప్పబోయాడు. అప్పుడూ చెప్పనివ్వలేదు."

ఆవిడ ఇంకా ఏదైనా గుర్తు చేసుకుని చెబుతాడేమోనని ఆయన మొహంలోకే చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడింది.